ఎత్తిపెట్టిన ఏడుపు

అపలాచియా కొండల నుంచి
జూన్ 3

హైమమ్మమ్మకు దండాలు.

ఉత్తరమే రాయమన్నవు గనుక రాస్తున్న. "ఫోన్‌ల వచ్చింది చూసిన లెక్క, ఉత్తరం వచ్చింది చదివిన లెక్క" అని ఎయిర్‌పోర్టుల, కాలేజీల పాఠం చెప్పినప్పటి లెక్కనే, అందరి ముందల నన్ను దులిపినవు కదా. గా మాటకు తాతయ్య ఇంకా నవ్వుతున్నడా?

నా కొలువు సంగతి చెప్త. ఈడ అమెరికాల ఒక కాలేజీ లైబ్రరీ కింది అంతస్తుల నూరేండ్ల కిందటి డబ్బాలు ఉన్నయి. ఈ కొండలల్ల బొగ్గు గనులకు పోయినోళ్ళ పెండ్లాలు, మంత్రసానులు, బొంతలు కుట్టేటోళ్ళు, పాటలు పాడేటోళ్ళు, అందరూ ఆడోళ్ళే. వాళ్ళ ఫోటోలు, వాళ్ళ మీద ఎవరో రాసిన కార్డులు. ఒక్కొక్కటి తీసి, ఇదేంది, ఎవరిది, ఎక్కడిది అని నేను రాసి పెట్టాలె. ఏడాది పని. సగం ఫోటోల ఎనక "ఫలానా జాన్ భార్య" అనే ఉన్నది. ఆమె పేరేందో జాన్‌కైన ఎర్కనో లేదో.

నిన్న ఒక కార్డు దొరికింది. 1916ల ఒక దొర ఊరూరు తిరిగి పాటలు రాసుకున్నడు. ఆయన రాసిన ఆ కార్డు మీద గిట్ల ఉన్నది: "ఈ స్త్రీకి చనిపోయిన కూతురి మీద ఒక ఏడుపు పాట వచ్చు. ఎంత అడిగినా పాడలేదు. మొండిది." గంతే, పేరు లేదు. కార్డుకు ఒక ఫోటో కట్టి ఉన్నది. వసారాల కూసొని, రెండు చేతులు ఒళ్ళె పెట్టుకొని ఉన్నది. ఆ చేతులు చూస్తే కాజీపల్లిల మా ముత్యమ్మవ్వ యాదికొచ్చింది.

అమ్మమ్మా, ఒక పని చేసిపెట్టు. మా అమ్మ పోయినప్పుడు, అమ్మను కన్న అవ్వ శోకం పెట్టిందట. శోకం అంటే నీకెర్కనే కదా, ఉత్త ఏడుపు కాదు. పోయినోళ్ళ బతుకంతా పుట్టినకాంచి రాగం తీసి చెప్పుకుంట ఏడుస్తరు. అమ్మ బతుకుల ఒక్క ముచ్చట గూడ ఇడిచిపెట్టలేదని రాజవ్వ చెప్పింది. నేను ఇనలే. తొమ్మిదేండ్లదాన్ని, హాస్టల్‌ల ఉన్న. ఆ శోకం అవ్వతోని పెట్టించి రికార్డు చేసి పంపు.

అమ్మది ఇంకేం లేదు కదా. ఒక్క పాస్‌పోర్ట్ ఫోటో. మందుల కంపెనీకి పోయేది గూడ పక్కింటి రాజవ్వ గేటు పాసు మీద. కాంట్రాక్టరు గట్లనే పంపేటోడు. లోపట మందు ఆవిరి పట్టి అమ్మ పోయినంక, "సత్తెమ్మ అనే మనిషి మా కాడ ఎన్నడు పనిచెయ్యలే" అన్నరు. కాయిదాల మీద పనిచేసింది రాజవ్వ. రాజవ్వేమో బతికే ఉన్నది.

పరిశోధనకు పనికొస్తదనే అడుగుతున్న.

రవళి


పటాన్‌చెరు
జూన్ 27

చిరంజీవి రవళికి,

ఆశీస్సులు. అవి అయ్యాయి కాబట్టి ఇక తిట్లు.

శోకం అంటే "నీకెర్కనే" అన్నావు. నాకేం ఎరుకే? మాది గోదావరి ఒడ్డు. మా ఇళ్ళల్లో ఎవరైనా పోతే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తాం. కాస్త గొంతు పెంచితే ఆస్తి తగాదా ఉందేమోనని చుట్టాలు చెవులు నిక్కిస్తారు. నీ ఉత్తరం చదివి అదేదో పాటనుకున్నాను. పాట కదా, పాడమంటే పాడతారనుకున్నాను.

ఆదివారం మీ తాతయ్య స్కూటరు వెనక కూర్చుని కాజీపల్లి వెళ్ళాను. గాలి మా వైపు తిరిగి ఉంది. ఫ్యాక్టరీల వాసన ముక్కుకు కట్టిన చెంగు దాటి లోపలికి వస్తోంది. మీ గల్లీలోకి తిరగ్గానే పచ్చటి పందిరి. పక్కింట్లో పెళ్ళి. మీ ముత్యమ్మవ్వ పందిరి మధ్యలో కూర్చుని పసుపుకొమ్ములు దంచుతోంది. చుట్టూ గల్లీలో ఉన్న ఆడవాళ్ళంతా ఉన్నారు.

"రా టీచరమ్మా" అంది. నేను లెక్చరరుగా రిటైరయ్యానని ఆవిడకి చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. ఎప్పటిలాగే "పోరి సదువు అయిపోయిందా?" అని అడిగింది. ఎప్పటిలాగే "చదువు అయిపోవడం అంటూ ఉంటుందా ముత్యమ్మా!" అని నవ్వాను. ఆ తర్వాత, పందిరి కింద, పసుపు గిన్నె పక్కన నిలబడి, తరగతి వెనక బెంచీకి కూడా వినపడే గొంతుతో, "మీ సత్తెమ్మ పోయినప్పుడు పెట్టిన శోకం ఒక్కసారి పెట్టు, రికార్డు చేసుకుంటాను" అన్నాను.

రోకలి గాల్లోనే ఆగింది.

పెళ్ళికూతురి మేనత్త లేచింది. "ఓ పెద్దమనిషీ! పచ్చని పందిట్ల శోకం పెట్టమంటవా? నీ నోట్లె..." ఆ తర్వాతి మాటలు పోస్టల్ శాఖ వారు మోయరు. మీ అవ్వ నా రెక్క పట్టుకుని గల్లీ చివరిదాకా నడిపించి, "గంత సదువు సదివినవు, గింత సోయి లేదా?" అంది. తలుపు వేసినట్టే ఉంది ఆ మాట.

పటాన్‌చెరు వచ్చి ఇంటి ముందు స్కూటరు ఆపి మీ తాతయ్య, "చరిత్ర పుస్తకాల్లో పందిళ్ళ గురించి ఉండదా?" అన్నారు. మీ తాతయ్య త్రినాథరావుగారికి ఆ పూట పెరుగు దొరకలేదు.

అయినా సరే, నేను వదలను. ఆవిడ మొండిదయితే నేను ఆవిడ కంటే రెండేళ్ళు పెద్ద మొండిదాన్ని.

ఒక్క మాట. నీ ఎడమచేతి అక్షరాలు ఎప్పుడూ వెనక్కి వాలతాయి, అది నాకలవాటే. కానీ "పరిశోధనకు పనికొస్తది" దగ్గర అవి ఏకంగా పడుకున్నాయి. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ ముసలిదాన్నయ్యాను. జవాబు తెలియకుండా రాసే వాక్యం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

హైమావతి


అపలాచియా కొండల నుంచి
జూలై 22

హైమమ్మమ్మకు,

లైబ్రరీల కూసొని నీ ఉత్తరం చదివి నవ్వితే, మా పై ఆఫీసరు ఐరీన్ గూడ నవ్వుకుంట "ఏమైంది" అని అడిగింది. పచ్చని పందిరి ఏందో ఆమెకు చెప్పేవరకు నా పాణం పోయింది. తప్పు నాదే. చావు లేని ఇంట్ల, ఉత్తపుణ్యానికి శోకం పెట్టరు. పెడితే ఇంకో చావును పిలిచినట్టు. నీకు ముందుగాల చెప్పాల్సి ఉండె.

ఇగ ఇట్ల చెయ్యి. పెత్రమాస వస్తది, బతుకమ్మకు ముందటి అమాస. ఆ రోజు పెద్దలకు బియ్యం ఇస్తరు, చచ్చిపోయినోళ్ళ రోజే కదా. అవ్వ అమ్మ పేరు మీద గూడ ఇస్తది. అప్పుడు అడుగు. ఆ రోజైతే తప్పు కాదనుకుంట.

ఐరీన్ నాకు ఇంకో రెండేండ్లు పొడిగిస్తనంటున్నది. ఈడ నిమ్మలంగ ఉన్నది. పొద్దుమూకంగ కొండల మీద మంచు దిగుతది, ఏ వాసనా రాదు. ఉండిపోదామా అని చూస్తున్న. అవ్వకు ఏం చెప్పకు.

పడుకున్న అక్షరాల సంగతి ఇప్పుడొద్దు.

రవళి


పటాన్‌చెరు
సెప్టెంబర్ 23

చిరంజీవి రవళికి,

నీ సలహాతో వెళ్ళాను. నీ సలహా నీ దగ్గరే ఉంచుకో.

పెత్రమాస నాడు పొద్దున్నే వెళ్ళాను. ఈసారి గల్లీ మొదట్లో నిలబడి పందిరి లేదని చూసుకుని మరీ అడుగుపెట్టాను. మీ అవ్వ వాకిలంతా అలికి, చేటల్లో బియ్యం, పప్పు, గుమ్మడికాయ, చింతపండు, తోటకూర సర్ది పెట్టింది. ఒక చేట కొంచెం పక్కగా ఉంది. అందులో అన్నిటితో పాటు రెండు గెనుసుగడ్డలు, అదే మా చిలగడదుంపలు, ఉన్నాయి. నేను అడగలేదు. అది ఎవరి చేటో తెలుస్తూనే ఉంది.

నాకు అన్నం పెట్టింది. తిన్నాక, గొంతు తగ్గించి, సభ్యతగా అడిగాను. ఈసారి ఆవిడకు కోపం రాలేదు. అదే ఎక్కువ బాధించింది.

"ఇయ్యాల పెద్దలు మన ఇంటికొచ్చి తిని పోయే దినం. బువ్వ తినేటోళ్ళ ముందల ఏడుస్తరా టీచరమ్మా? గొంతు దిగుతదా వాళ్ళకు?"

పాఠం ఎక్కనప్పుడు లెక్చరర్లు చేసే పనే నేనూ చేశాను, పద్ధతి మార్చాను. "సరే, చావుంటేనే పెడతావు, అంతేగా? నేను చచ్చిపోయాననుకో. ఇదిగో ఈ మంచం మీద పడుకుంటాను. నా మీద మొదలుపెట్టి మధ్యలో మెల్లగా సత్తెమ్మ వైపు తిప్పు."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. సంతలో మేకను చూసినట్టు.

"నీ గురించి నాకేమెర్క, ఏడువనీకె? నీ అత్త నిన్నేమన్నదో ఎర్కలే. నువ్వు ఏడ కిందపడ్డవో, ఎట్ల లేచినవో ఎర్కలే. ఎర్కలేనోళ్ళ మీద ఏడిస్తె దాన్ని దొంగేడుపు అంటరు."

మీ తాతయ్యా, నేనూ ఈ ఊళ్ళకి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆ రోజుల్లో ఆవిడ గంపలో ఆకుకూరలు తెచ్చేది. చేలల్లోకి ఫ్యాక్టరీల మందు నీళ్ళు పారి మళ్ళు మాడిపోయాక కూడా, ఊరికే వచ్చి నా గుమ్మంలో కూర్చుని వెళ్ళేది. ఇన్నేళ్ళ పరిచయానికి ఆవిడ ఇచ్చిన మార్కులు సున్నా. సరైన మార్కులే అనుకుంటాను.

బయల్దేరుతుంటే మళ్ళీ అడిగింది, "సదువు అయిపోయిందా పోరిది?" అని. మళ్ళీ నా చమత్కారం నేను చెప్పాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. పరిశోధన అనకు. అసలేం కావాలి నీకు?

హైమావతి


అపలాచియా కొండల నుంచి
అక్టోబర్ 14

హైమమ్మమ్మకు,

అసలేం కావాలె అంటే, మా అవ్వ మా అమ్మ కోసం ఏడ్చిందా లేదా అన్నది కావాలె.

అమ్మ పోయినంక దినాలు అన్నీ అయిపోయినాక నన్ను హాస్టల్‌కెల్లి పిలిపిచ్చిన్రు. బస్సు దిగి వచ్చిన్నో లేదో గల్లీల ఆడోళ్ళంత నన్ను చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నరు. మా దిక్కు ఎట్లుంటదో ఇప్పుడు నీకెర్కనే. దూరంకెల్లి వచ్చినోళ్ళను మెడ మీద ఏసుకొని శోకం పెడతరు. నాకు గూడ ఎర్కనే. అవ్వ నన్ను గట్ల పట్టుకుంటది అనుకొని ఉరికిన. అవ్వ దర్వాజ కాడ నిలబడి, "కాళ్ళు కడుక్కో, బువ్వ తిను" అన్నది. తల దువ్వింది. రిబ్బన్లు కట్టింది. మల్ల బస్సెక్కిచ్చింది. ఒక్క చుక్క రాలలే, అమ్మమ్మా. ఆ బస్సుల నేను ఒక్కదాన్నే ఏడ్చిన, పక్క సీటుల ఎవరో ముసలాయన పల్లీలు పెట్టిండు.

రాజవ్వ ఏమో అప్పుడొక్కపారి, పొద్దంతా శోకం పెట్టింది అన్నది. నన్ను ఓదార్చనీకె అన్నదేమో. అమ్మ మీద ఇంత మట్టి తప్ప ఇంకేం పడలేదేమో అని ఇరవై ఏండ్ల సంది నాకు లోపట ఉన్నది. ఆడ కంపెనోళ్ళేమో సత్తెమ్మ అనే మనిషే లేదన్నరు. కన్నతల్లి గూడ ఏడ్వకపోతే, ఇగ ఉన్నట్టు సాక్ష్యం ఏది? సెలవులకు పోయినప్పుడల్లా తింటిమి, పంటిమి, వచ్చినం. అమ్మ ముచ్చట తీస్తే అవ్వ లేచి పొయ్యి కాడికి పోతది.

ఇగ అడగకు. ఆ పొడిగింపు కాయిదం మీద వచ్చే నెల సంతకం పెడత. నూరేండ్ల కిందటి ఆడోళ్ళే నయం. ఏం అడిగినా కార్డు మీద ఉన్నంతే చెప్తరు.

రవళి


పటాన్‌చెరు
నవంబర్ 3

రవళీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో.

నీ ఉత్తరం వచ్చిన రోజే కాజీపల్లి వెళ్ళాను. రికార్డరు తీసుకెళ్ళలేదు. పందిరి ఉందో లేదో కూడా చూడలేదు. మీ అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేనూ కూర్చుని రెండు గుప్పిళ్ళు ఒళ్ళో పోసుకున్నాను. కాసేపు తీశాక, నీ ఉత్తరం విప్పి చదివాను. ఒక్క ముక్క మింగకుండా, రిబ్బన్ల దాకా, పల్లీల దాకా.

ఆవిడ చేతులు ఆగలేదు. ఈనెలు తీస్తూనే చెప్పింది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. ఒక్క మాట కూడా దిద్దలేదు, నా జీవితంలో మొదటిసారి.

"ఆ పోరిని సూడంగనే నా కడుపులకెల్లి శోకం గొంతు దాక వచ్చింది టీచరమ్మా. కని నేను మెడ మీద ఏసుకొని ఏడిస్తె, అది మల్ల నా మెడ ఇడుస్తదా? ఆడనే ఉండిపోతది. సదువు పోతది. నాలుగేండ్లు పోతే కాంట్రాక్టరు ఇంకొకల గేటు పాసు తెచ్చి దాని మెడల ఏస్తడు. నా బిడ్డ గట్లనే పాయె. అందుకే ఉడుకుడుకు బువ్వ పెట్టి బస్సెక్కిచ్చిన. సత్తెమ్మ మీద పెట్టే శోకం శవం మీద పెట్టిన. అందరు ఇన్నరు. దీనిది దీనికి ఎత్తిపెట్టిన. సదువు అయిపోయినంక ఏడుద్దమనుకున్న."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "అయిపోయింది కదే" అన్నాను.

"ఏంది?"

"దాని చదువు. అయిపోయి ఏడాది కావస్తోంది. అక్కడ చేసేది ఉద్యోగం."

"నువ్వే గద అంటివి, అయిపోతదా ఎన్నడన్న అని! పెద్ద హాస్టల్‌ల ఏసిన్రు అనుకున్న నేను!"

రవళీ, చదువు గురించి నేను మళ్ళీ చమత్కారం ఆడితే నా నాలుక కోసి పోస్టులో పంపిస్తాను. నువ్వు "అవ్వకు ఏం చెప్పకు" అంటావు, నేను వేదాంతం చెబుతాను. ఆ మనిషేమో దర్వాజా దగ్గర కూర్చుని నీ హాస్టలు అయిపోవడం కోసం చూస్తోంది. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే.

"మరి ఇప్పుడైనా రికార్డు..." అని ఇంకా నోట్లో ఉండగానే ఆవిడ ఈనెల చేట నా వైపు తోసింది. "మిషన్‌ల ఏడువ. మిషన్‌కు మెడ ఉంటదా?"

కాబట్టి నువ్వు బయల్దేరు. ఇది సలహా కాదు. మీ కాలేజీ డిసెంబరులో మూస్తారని నువ్వే చెప్పావు. ఆ కాగితం మీద సంతకం పెడతావో చించుతావో నీ ఇష్టం, కానీ వచ్చి వెళ్ళాక. టికెట్టు నెంబరు తప్ప వేరే విషయంతో ఉత్తరం వస్తే విప్పను.

కార్డు మీది ఆ కొండల ఆవిడ సంగతి కూడా విను. మీ అవ్వ మనసు తెలిసింది కదా అని, తీసుకెళ్ళి ఆవిడ నోట్లో పెట్టకు. ఆవిడ ఎందుకు వద్దందో మనకి తెలియదు. తెలియని చోట తెలియదనే రాయి. అది మాత్రం నేను నీకు చెప్పిన పాఠమే.

హైమావతి


అపలాచియా కొండల నుంచి
నవంబర్ 21

హైమమ్మమ్మకు,

డిసెంబర్ 17 పొద్దుగాల దిగుత. సంతకం పెట్టలే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. "దీనిది దీనికి ఎత్తిపెట్టిన" కాడికి రాంగనే ఆగిపోతున్న. ఐరీన్ భుజం మీద చెయ్యేసి ఏమైందని అడిగింది. పచ్చని పందిరి కంటే గిది చెప్పుడు అల్కగనే అయింది. ఆమె తల్లి గూడ ఈ కొండలామెనేనట.

భయమైతున్నది, అమ్మమ్మా. ఇన్నేండ్లకు పోయి మెడ మీద పడితే, నాకు ఏడుపు రాకపోతే?

నువ్వు గూడ రా.

రవళి


పటాన్‌చెరు
డిసెంబర్ 16

రవళీ,

ఈ చీటీ మీ తాతయ్యతో ఎయిర్‌పోర్టుకి పంపుతున్నాను. ఆయన చేతిలో నీ పేరు రాసిన అట్ట కూడా ఉంటుంది. నిన్ను గుర్తుపట్టలేరని కాదు, జీవితంలో ఒక్కసారైనా అట్ట పట్టుకుని నిలబడాలని ఆయన కోరిక.

నేను రాను. ఒక మెడ మీద ఒక తల చాలు. మూడో మనిషి ఉంటే అది సభ అవుతుంది.

ఏడుపు రాకపోతే అన్నం తిను. వచ్చేదాకా తింటూ ఉండు.

హైమావతి


కాజీపల్లి
డిసెంబర్ 19

హైమమ్మమ్మకు,

పటాన్‌చెరు ఈడికెంత దూరం, ఆటో ఎక్కితే వస్త. అయినా ఇది నోటితోని చెప్పలేను. రాజవ్వ కొడుకు ఆ దిక్కే డ్యూటీకి పోతడు, ఇచ్చి పంపుతున్న.

ఆటో దిగంగ అవ్వ దర్వాజల నిలబడి ఉన్నది. అదే దర్వాజ. అవ్వ నన్ను చూసింది, నా ఎనక ఆటోల బ్యాగు చూసింది. "సదువు అయిపోయిందా?" అన్నది.

"అయిపోయిందవ్వా" అన్న.

ఇగ అంతే. "ఓ నా బిడ్డా" అని రెండు చేతులు చాపింది. ఆ గొంతు నేనెన్నడు ఇనలేదు. అవ్వ చిన్న మనిషి కదా, గంత గొంతు ఆ పెయ్యిల ఏడ పట్టిందో ఎర్కలే. నన్ను మెడ మీద ఏసుకొని అమ్మ పుట్టినకాంచి మొదలువెట్టింది.

ఆడపిల్లంటె మీ అయ్య మొఖం తిప్పె బిడ్డా, నేను నా మొఖం నీ దిక్కు తిప్పుకుంటి బిడ్డా. జొన్నచేన్ల ఉయ్యాల గడ్తి బిడ్డా, ఆ చేన్ల మందు నీళ్ళు పారె బిడ్డా. గెనుసుగడ్డలు ఉడుకబెట్టి కొంగున గట్టి హాస్టలుకు నడిస్తివి బిడ్డా, వాచ్‌మన్ లోపటికి ఇడువకుంటె గోడ మీద పెట్టి వస్తివి బిడ్డా.

ఆ గెనుసుగడ్డలు నేను తిన్న, అమ్మమ్మా. గోడ మీద ఎవరు పెట్టేటోళ్ళో నాకెర్కలే. వాచ్‌మన్ పెడుతున్నడు అనుకున్న.

ఎడమచేతితోని తింటవని అత్త వాత పెట్టె బిడ్డా, కుడిచేతితోని తిని, ఎడమచేతితోనే ముగ్గేస్తివి బిడ్డా. మొండి చెయ్యి, నా బిడ్డ చెయ్యి.

ఎడమచేతితోని రాసుడు నాకు ఏడకెల్లి వచ్చిందో అని నువ్వే ఎన్నోసార్లు అడిగినవు. ఇప్పుడు చూడు, ఈ ఉత్తరం రాస్తున్న చెయ్యి ఎవరిదో.

గేటు లోపటికి రాజవ్వవై పోతివి బిడ్డా, గేటు బయటికి నా సత్తెమ్మవై వస్తివి బిడ్డా. వాళ్ళు రాజవ్వా అంటె పలికితివి బిడ్డా, నేను సత్తెమ్మా అంటె పలుకవైతివి బిడ్డా.

అప్పుడు గల్లీలకెల్లి ఇంకో గొంతు అందుకున్నది. రాజవ్వ. చేతుల పిండి అట్లనే ఉన్నది, ఉరికొచ్చి మా ఇద్దరి మీద పడ్డది. "నా పేరు మోస్తివి చెల్లె, నా సావు మోస్తివి చెల్లె" అని రాగం తీసింది. శోకం సంగతి ఆ ఒక్కపారి చెప్పినంక, నేను వచ్చినప్పుడల్ల రాజవ్వ నాకు ఎదురు పడకుండ లోపటికి పోయేది. ఎందుకో ఇప్పుడు ఎర్కైంది.

నాకు ఏడుపు రాదేమో అనుకున్న. మాటలు గూడ వచ్చినయి. నడుమ అవ్వ ఊపిరి తీసుకోనీకె ఆగితే, నా నోట్లకెల్లి అదే రాగం వచ్చింది: పక్క సీటుల ముసలాయన పల్లీలు పెట్టె అమ్మా, నీ పేరు అడిగితె చెప్పనైతి అమ్మా. ఎవరు నేర్పలే.

రికార్డరు బ్యాగులనే ఉన్నది. బ్యాగు ఆటోలనే ఉన్నది. ఆటో ఆయన కిరాయి అడగకుండ చానసేపు నిలబడి, కండ్లు తుడుచుకుంట పోయిండట, మల్ల సామాను ఇయ్యనీకె ఎనుకకు వచ్చిండు.

అయిపోయినంక అవ్వ మొఖం కడుక్కొని, "కాళ్ళు కడుక్కో, బువ్వ తిను" అన్నది. తిన్న.

రవళి


అపలాచియా కొండల నుంచి
జనవరి 20

హైమమ్మమ్మకు,

రాంగనే ఆ డబ్బా తీసిన. దొర రాసిన కార్డును ముట్టలే, అది గూడ రికార్డే. దాని ఎంబడి ఇంకో కార్డు పెట్టిన. నువ్వు చెప్పినట్టు, తెలియంది తెలియదనే రాసిన: "ఈమె పేరు తెలియదు. కూతురి పేరు తెలియదు. పాడనన్నది. ఏ రోజున అడిగిన్రో, ఆ ఇంట్ల అప్పుడు ఏముండెనో, ఎందుకు వద్దన్నదో రాసుకున్నాయన అడగలేదు. 'మొండిది' అన్నది ఆయన మాట." ఐరీన్ చదివి, కింద తన సంతకం గూడ పెట్టింది.

పొడిగింపు వద్దన్న. మే నెలల వస్తున్న. రాజవ్వ పాసు మీద అమ్మొక్కతే కాదు, ఇంకా ఎందరో పోయిన్రట. కాజీపల్లిల, జిన్నారంల, ఒకల పేరు మీద ఒకలు పనిచేసిన ఆడోళ్ళు ఇంటింటికి ఉన్నరట. ఈడ డబ్బాలున్నయి, అడుగనీకె మనుషులు లేరు. ఆడ మనుషులు ఇంకా ఉన్నరు. అడుగుత. పందిరి లేని రోజు చూసి అడుగుత.

అమ్మ శోకం ఈడ ఏ డబ్బాల పెట్టలే. రాయలే గూడ. నాకొచ్చు.

రవళి


పటాన్‌చెరు
ఫిబ్రవరి 11

చిరంజీవి రవళికి,

ఆశీస్సులు. ఈసారి తిట్లు లేవు, నిల్వ అయిపోయింది.

మేలో వచ్చాక ఎక్కడ ఉండాలా అని ఆలోచించకు. మా పై గది ఖాళీగానే ఉంది. ఆడవాళ్ళు మీ గల్లీలో చెప్పలేనిది ఇక్కడికి వచ్చి చెప్పుకోవచ్చు. మీ తాతయ్య టీ పెడతారు. ఆయన టీ తాగాక ఎవరైనా నిజమే చెబుతారు, త్వరగా వెళ్ళిపోవాలని.

నా పని వేరే మొదలైంది. ప్రతి ఆదివారం కాజీపల్లి వెళ్తున్నాను. మొదటి వారం మీ అవ్వ "మల్ల ఏం గావాలె?" అంది. "నువ్వు నాకు సున్నా మార్కులు వేశావు, మళ్ళీ పరీక్ష రాయడానికి వచ్చాను" అన్నాను. నేను ముందు పోతే నా మీద ఎవరో ఒకరు ఏడవాలి కదా. మా వాళ్ళు ఎలా ఏడుస్తారో తెలుసు: పేపర్లో ఫోటో, కింద "శోకతప్తులైన కుటుంబసభ్యులు". అందులో నేను ఎక్కడ కిందపడ్డానో, ఎలా లేచానో ఉండదు. మీ అవ్వ దొంగేడుపు ఏడవదు. కాబట్టి ఆవిడకు తెలియాలి.

ఆవిడ ఒప్పుకుంది. "నేను ముందుగాల పోతే?" అని కూడా అడిగింది. రవళికి రాగం వచ్చు కదా అన్నాను. చేట కింద పెట్టి, కాసేపు నా వైపు కాకుండా వీధి వైపు చూసింది. తర్వాత, "ఊఁ, చెప్పు, నువ్వు యాడ పుట్టినవ్?" అంది.

అలా మొదలుపెట్టి, ఈ ఆదివారానికి పెళ్ళి దాకా వచ్చాం. నేను కాపురానికి వచ్చిన రోజే మా అత్తగారు నా పుట్టింటి గిన్నె ఒకటి తనదని దాచేసుకుని, పన్నెండేళ్ళు నాకే అందులో మజ్జిగ పోసి ఇచ్చిన సంగతి చెబుతున్నాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, మీ తాతయ్యకి కూడా. మీ అవ్వ ఈనెలు తీయడం ఆపి చెయ్యి పైకెత్తింది.

"ఆగు ఆగు. గిన్నె అంటివి. ఏం గిన్నె? ఇత్తడిదా, కంచుదా?"

"ఎందుకే ఇప్పుడు?"

"ఎందుకేంది? రాగంల కూసోవాలె గద."

కళ్ళు మూసుకుని ఆ గిన్నెని మళ్ళీ చేతిలోకి తెచ్చుకున్నాను. దాని అంచు, దాని బరువు, లోపల మా అమ్మ గీయించిన నా పేరు.

"కంచుది" అన్నాను.

హైమావతి